ఎనిమిది గ్రాముల కొసరు

పూట 911

పూట ముగిశాక జరిగింది జరిగినట్టు సొంత మాటల్లో సీటు పుస్తకంలో రాయాలని కంపెనీ నియమం. రాస్తున్నాను. సొంత మాటలు కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. ముప్ఫై ఏళ్ళు రావులపాలెం బజారులో కూరగాయలమ్మిన నోరు ఇది.

పేరు కొప్పిశెట్టి అమ్మాజీ, సీటు నలభై ఒకటి. నేను కూర్చునేది ఒకప్పటి రైసుమిల్లులో. నేను తోలే మరబొమ్మ నిలబడేది ఉత్తరాన ఎక్కడో సముద్రం ఒడ్డున, హెల్మోరా అనే ఊళ్ళో. నేనిక్కడ తొడుగులు వేసుకుని చెయ్యెత్తితే అదక్కడ చెయ్యెత్తుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కూర్చున్నాను, అక్కడ ఉదయం తొమ్మిది. రాత్రంతా పావురాలు బొమ్మ నెత్తిన కాపురం పెట్టాయి. కళ్ళద్దాలు తుడుచుకోవడానికే పావుగంట పట్టింది.

హెల్మోరాలో ఎవరికీ పనుల్లేవు. కావలసిన సరుకు ఇంటి గోడలోని గూట్లోకి వచ్చి పడుతుంది. పాతికేళ్ళు అలా పడీ పడీ జనానికి మాట పెగలడం మానేసిందట. డాక్టర్లు రోజుకి అరగంట సంత అని చీటీ రాసిస్తే సర్కారు వారు నలభై దుకాణాలతో సంత కట్టారు. తీరా చూస్తే అమ్మడం వచ్చిన మనిషి ఆ దేశంలోనే లేడు. ఆ పని పుచ్చుకున్న మా కంపెనీ, అమ్మేవాళ్ళని వెతుక్కుంటూ మా ఊరొచ్చి ఈ రైసుమిల్లు షెడ్డులో సీట్లు వేసింది. మాకూ అప్పటికి గోడల్లో గూళ్ళొచ్చి బజారు మూతపడింది. అరటి గెల గూట్లో పట్టదు కాబట్టి మా అన్నయ్య భార్య సూరమ్మ వదిన బండి ఒక్కటే మిగిలింది. మా వీధి చివరి మందుల కొట్లోనూ బొమ్మే ఉంటుంది. దాన్ని తోలేది ఏ ఖండం మనిషో, దగ్గంటే నడుంనొప్పి బిళ్ళలిస్తాడు. ఎవరూరి కొట్లో వాళ్ళు కూర్చుంటే సరిపోయేది కదా అని కంపెనీ వారిని అడిగితే, దాన్ని ప్రపంచీకరణ అంటారమ్మా, మీకు తెలీదు అన్నారు. నిజమే, నాకు తెలీదు.

ఈ పూట ఒక పొరపాటు జరిగింది. సిగ్నే అని పొడుగాటి పెద్దావిడ అరకిలో బీన్స్ అడిగింది. కాటా సరిగ్గా అయిదొందల గ్రాములు చూపింది. సంచిలో పోశాక, ఇన్ని పూటలుగా అదిమిపెట్టుకున్న పాత అలవాటు చొప్పున నా చెయ్యి దానంతటదే వెళ్ళి నాలుగు కాయలు తీసి పైన వేసింది. ఆవిడ సంచిలో తేలు పడ్డట్టు చూసి వెళ్ళిపోయింది.

పూట 912

సిగ్నే గారు నాలుగు బీన్సు కాయలూ చిన్న డబ్బాలో పెట్టి తెచ్చింది.

"ఇవి మీవి. నా సంచిలో జారిపడినవి" అంది. నా చెవిలో అనువాదం చెప్పే యంత్రానికి పంతులుగారి తెలుగు మాత్రమే వచ్చు.

"జారిపడలేదండి, నేనే వేశాను. కొసరండి" అన్నాను.

యంత్రం మూడు క్షణాలు తడుముకుని, మాట దొరక్క కొసరు అనే అనేసింది.

"నేను కొసరు ఆర్డరు చేయలేదు."

"ఆర్డరు చేస్తే అది కొసరెందుకవుతుందండీ?"

ఆవిడ డబ్బా నా బల్ల మీద పెట్టి, ఇంకో అరకిలో బీన్స్ అడిగింది. తూచి, పైన మళ్ళీ నాలుగు వేశాను. నాకూ పంతం ఉంది.

పూట 915

నాలుగో రోజు ఆవిడ కాయలు తిరిగి తేలేదు. బదులుగా ప్రశ్న తెచ్చింది. నలభై ఏళ్ళు వంతెనలు కట్టిన ఇంజినీరట, లెక్కకి అందనిది కనబడితే నిద్రపట్టదట.

"తూకం సరిపోయిన తరువాత అదనముగా ఇచ్చుట దేనికి?" అంది.

"తూకం చట్టానికండి. కొసరు మనకీ మనకీ."

"మనకీ మనకీ అనగా?"

ఏం చెప్పను? మా అమ్మ కాటా కర్ర ఎలా మొగ్గించేదో చెప్పాను. కొసరు చాలలేదని ఒకావిడ తోటకూర కట్ట మా నాన్న మొహాన కొట్టిన సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది. నవ్వడం అలవాటు తప్పిన మనిషి కాబోలు, ముందు దగ్గనుకున్నాను. డాక్టరు రాసిచ్చింది అరగంట అయితే యాభై నిమిషాలు నిలబడింది.

పూట 931

నా దుకాణం ముందు క్యూ. ఎదుటి దుకాణాల బొమ్మలు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాయి. ఒకాయన ఏమీ కొనకుండా వచ్చి, కొసరు మాత్రం ఇమ్మన్నాడు. అసలు లేకుండా కొసరడిగిన మొనగాణ్ణి నా జన్మలో చూడలేదు. అసలంటే ఏమిటో కొసరంటే ఏమిటో చెప్పేసరికి ఆయన బుర్ర, నా గొంతు రెండూ వేడెక్కాయి. చివరికి కారట్లు కొన్నాడు.

షెడ్డు మేనేజరు నల్లమిల్లి వీరభద్రం గారు పూట మధ్యలో నా సీటు దగ్గరికొచ్చారు. అక్షింతలు పడతాయనుకున్నాను. చేతిలో పూతరేకు పెట్టారు.

"పైనుంచి మెచ్చుకున్నారండి అమ్మాజీ గారూ. మీ దుకాణం దగ్గర జనం మాట్లాడే టైము మూడింతలైందంటండి. ఇంక ఈ కొసరుని ఒక పద్ధతిలో పెడతారంటండి."

పద్ధతి అనే మాట వినగానే నాకు పూతరేకు గొంతులో అడ్డం పడింది.

పూట 940

పద్ధతి వచ్చింది. నలభై దుకాణాల్లోనూ కొసరు ఇకనుంచి ఎనిమిది గ్రాములు. ముందే కట్టిన కాగితం పొట్లం. బిల్లు మీద అచ్చు. పొట్లం ఇచ్చేటప్పుడు బొమ్మ నోట్లోంచి "మీ కొసరును స్వీకరింపుడు" అని దానంతటదే వస్తుంది. నేను నోరు మూసుకున్నా ఆగదు.

సిగ్నే గారు పొట్లం ఇంటికి తీసుకెళ్ళి తూచింది. ఏడు పాయింటు ఆరు గ్రాములే ఉందట. తిరిగొచ్చి ఫిర్యాదు రాసిచ్చింది. నాలుగు కాయలు ఎక్కువైతే డబ్బాలో పెట్టి తెచ్చిన మనిషి, అరగ్రాము తక్కువైందని కాగితం పెట్టింది. ఆవిణ్ణనీ లాభం లేదు. బిల్లులో ఎక్కాక అది ఆవిడ సొత్తే కదా.

జనం పొట్లం తీసుకుని ఎవరి దారిన వారు పోతున్నారు. మాట్లాడే టైము నాలుగు నిమిషాలకి పడిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కంపెనీ వారు ఆలోచించి కొసరు పన్నెండు గ్రాములు చేద్దామంటున్నారు.

పూట 948

పూట మధ్యలో సూరమ్మ వదిన షెడ్డులోకి తోసుకొచ్చింది. పక్క సీటు పెద్దిరాజు ఏదో దేశంలో ఎవరివో మూడు కుక్కల్ని షికారు తిప్పుతున్నాడు. ఈవిడ గొంతుకి బెదిరి పగ్గాలొదిలేశాడు. ఆ కుక్కలేమయ్యాయో పెద్దిరాజు తన పుస్తకంలో రాసుకుంటాడు.

"ఏటే అమ్మాజీ, ఏం సేసొచ్చావే?" అంటూ ఒక కాగితం నా ఒళ్ళో పడేసింది. ఆవిడ అరటిపళ్ళ బండికి ఎవరో అంటించి వెళ్ళారట.

కొసరు అనే సేవ నమోదు దశలో ఉన్నదనీ, నమోదైన నాటినుంచి కంపెనీ అనుమతి లేకుండా ఏ దేశంలోనైనా కొసరు ఇవ్వడం, పుచ్చుకోవడం, ఆ పేరుతో పిలవడం నేరమనీ అందులో ఉంది. కింద నమూనా చిత్రంలో ఎనిమిది గ్రాముల పొట్లం.

"నే పుట్టక ముందునించీ ఉన్న కొసరు మీ కంపినీది ఎప్పుడైందే? పొద్దున్న ముసలాయన డజను పళ్ళు కొని చెయ్యి సాపి నిలబడ్డాడు. ఈ కాయితం సూసి నా సెయ్యి ఆడలేదు. ఆయన నన్నేవనలేదే. ఏవనకండా సెయ్యెనక్కి తీసుకుని ఎల్లిపోయాడు."

తిట్టినంతసేపూ ఓర్చుకున్నాను గానీ ఆ ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడన్న మాటకి నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి చేసిన పొరపాటు ఎక్కడెక్కడో తిరిగి వదిన బండి మీద వచ్చి కూర్చుంది. నేను కళ్ళు తుడుచుకుంటే హెల్మోరాలో బొమ్మ కూడా కళ్ళద్దాలు తుడుచుకుంది. బంగాళాదుంపలు కొంటున్నావిడ భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

పూట 950

వీరభద్రం గారు ఒక కాగితం పట్టుకొచ్చారు. ఎల్లుండి హెల్మోరాలో నమోదు విచారణ. "కొసరును నేనే, ఈ దుకాణములోనే, కంపెనీ పూటలో కనిపెట్టితిని" అని నేను సంతకం చెయ్యాలి. చేస్తే నలభై దుకాణాలకీ పాఠం చెప్పే పెద్ద సీటు. చెయ్యకపోతే విచారణ అయిన రోజే నా సీటు మూసేస్తారు.

"మీది రాజోలు కదండీ వీరభద్రం గారూ?"

"ఆయ్."

"మీ అమ్మగారు బజారుకెడితే కొసరడగరా?"

"అడక్కపోవడమేంటండీ. దెబ్బలాడి మరీ వేయించుకుంటారు."

"మరి దాన్ని నెలన్నర కిందట నేను కనిపెట్టానంటారా?"

ఆయన తన చెప్పుల వంక చూసుకున్నారు. "పైనుంచి వచ్చిందండి" అన్నారు. ఆయన్నేమనగలం? ఆయనదీ సీటే.

నేనేమీ సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను. కాగితం ఇంటికి తీసుకెళ్ళాను. ఈ సీటు పోతే తిరిగి వెళ్ళడానికి బజారు లేదు, ఉన్నదల్లా గోడల్లో గూళ్ళు. పాత క్యాలెండరు వెనకాల నాలుగుసార్లు సంతకం చేసి చూసుకున్నాను కూడా. చక్కగానే వచ్చింది. అయిదోది అసలు కాగితం మీద పెట్టబోతే ఆ ముసలాయన గుర్తొచ్చాడు. నేను ఎరగని మనిషి. అయినా పెట్టలేకపోయాను.

పూట 952

విచారణ నా దుకాణం ముందే జరిగింది. నమోదు అధికారి గారిక్కూడా డాక్టరు రోజుకి అరగంట సంత రాశాడట. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని ఇక్కడికే వచ్చారు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ చేసినట్టున్న మొహం. చుట్టూ క్యూలో వాళ్ళు, ముందు సిగ్నే గారు.

కంపెనీ తరఫున వకీలు బొమ్మ వచ్చింది. దాన్ని ఎక్కణ్ణుంచి ఎవరు తోలుతున్నారో తెలియదు. ఏ బొమ్మ నోట్లోంచి అయినా ముందు తోలేవారి గొంతు సన్నగా వినబడుతుంది, దాని మీద అనువాదం పడుతుంది. ఈ వకీలు గొంతు ఇంగ్లీషులో గడగడా సాగుతోంది. మగమనిషని మాత్రం తెలిసింది.

"కొసరు అనగా ఎనిమిది గ్రాముల అదనపు సరుకు. ఈ మహిళ దీనిని కంపెనీ పూటలో కనిపెట్టినది" అన్నాడు వకీలు.

"కనిపెట్టినది మీరేనా?" అని అధికారి నన్నడిగారు.

వీరభద్రం గారు ఇక్కడ నా సీటు పక్కనే నిలబడి ఉన్నారు.

"కాదండి. మా ఊళ్ళో అందరూ ఇస్తారండి. మా అమ్మ ఇచ్చింది, మా అమ్మమ్మ ఇచ్చింది."

"రుజువు? పాత బిల్లు ఒక్కటైనా ఉన్నదా?"

"బిల్లులో ఎక్కితే అది కొసరు కాదండి."

"అనగా మీ ప్రాంతమున ఇన్ని తరములుగా జరుగుచున్న దానికి ఒక్క కాగితమూ లేదు?"

"లేదండి."

అధికారి గారు పాపం బాధపడ్డారు. కాగితం లేని దాన్ని చట్టం చూడలేదట. వకీలు ఉషారుగా ముందుకొచ్చాడు. తానే కొనుగోలుదారుగా నిలబడతాడట, నేను అమ్మి కొసరివ్వాలట, దాంతో అది ఎంత పద్ధతైన సరుకో అధికారి గారు కళ్ళారా చూస్తారట.

సరే, అరకిలో బీన్స్ తూచాను. సంచిలో పోశాను. ఎనిమిది గ్రాముల పొట్లం తీసి సంచిలో వేశాను. బొమ్మ "మీ కొసరును స్వీకరింపుడు" అంది.

వకీలు సంచిలోకి తొంగి చూశాడు. చూసి, సంచి నోరు మూయకుండా అలాగే చాపి ఉంచాడు. ఇంగ్లీషు ఆగిపోయింది. తోలేవాడి సన్నగొంతు తెలుగులో పలికింది.

"ఇదేటండీ బాబూ, ఇంత పిసినారి కొసరు? మా అమలాపురంలో గుప్పెడేత్తారు. ఏంటమ్మా, మొహం చూసి వెయ్యి."

నా చెయ్యి ఆగుతుందా? "పొద్దుట్నించీ ఇదే మొదటి బేరం, ఇంతకన్నా వేస్తే నాకేం మిగులుద్ది బాబూ" అంటూనే గుప్పెడు తీశాను. "ఆ రెండూ కూడా వేసెయ్, కింద పడేత్తావా ఏంటి" అన్నాడు. వేశాను. అప్పటికి గాని ఆయనకి తానెక్కడున్నాడో గుర్తు రాలేదు.

యంత్రం మాత్రం బుద్ధిగా అంతా అనువదించేసింది. క్యూ మొత్తం విన్నది.

"మీ అమలాపురమునందు గుప్పెడు వేయుదురా?" అధికారి గారు నెమ్మదిగా అడిగారు. "ఎప్పటినుండి?"

వకీలు బొమ్మ సంచి పట్టుకుని కొయ్యబారిపోయింది. ఇక్కడ వీరభద్రం గారు మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"చిన్నప్పట్నించీ అండి" అంది సన్నగొంతు చివరికి. "మా మామ్మతో బజారుకెళ్ళేవోణ్ణండి."

అధికారి గారు నమోదు అర్జీ కొట్టేశారు. కొసరు ఎవరి సొత్తూ కాదనీ, మనిషిని బట్టి మారేదాన్ని సరుకనడానికి వీల్లేదనీ అక్కడికక్కడే చెప్పి రాయించారు.

నేను గాలి పీల్చుకునేలోగానే వకీలు ఇంగ్లీషులో ఇంకో కాగితం చదివాడు. నా సీటు మూసే అధికారం కంపెనీకి ఉంది, సంత ముగిసే గంట కొట్టగానే మూత. అధికారి గారు చట్టం తిరగేశారు. నిజమేనట. సంతలో ఏ సీటైనా మూతపడే తేదీకి ముద్ర వెయ్యాల్సింది మాత్రం ఆయనేనట. సంత ముగిసేది రెండింటికి కాబట్టి, ఈ రోజు రెండు గంటల వరకు అని రాయబోయారు. అక్కడ అప్పుడు రెండు కావడానికి పది నిమిషాలు తక్కువ.

సిగ్నే గారు ముందుకొచ్చింది.

"ఇంకొంచెం వేయుడు" అంది.

"ఏమి?"

"రెండు గంటలు తూకమునకు సరి. పైన కొంచెం వేయుడు. మొహము చూసి వేయుడు."

"ఎవరి మొహము?"

"నాది. మీరు రోజూ దాటు వంతెన నేను కట్టినది."

అధికారి గారు చుట్టూ చూశారు. వారం రోజులన్నారు. క్యూలో వెనకనించి ఎవరో "వారమా, ఇంత పిసినారితనమా" అన్నారు. కారట్లాయన, ఎండాకాలం దాకా వెయ్యమన్నాడు. నాకు తెలీకడుగుతాను, వీళ్ళకి నేనెప్పుడు నేర్పాను ఇదంతా? అధికారి గారు రెండు వారాలన్నారు, కుదరదన్నారు, ఇంతకు మించి ఇస్తే తన సీటుకే ఎసరన్నారు. బేరంలో ఆ మాట రావాల్సిన చోటే వచ్చింది. సిగ్నే గారు సంచి సర్దుకుని వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసింది. ఆయన వెనక్కి పిలిచారు.

"సరే. వేసితిని" అని ముద్ర కొట్టేశారు. ఆ ఇస్త్రీ మొహం నలిగి, నవ్వుతోంది.

గంట కొట్టింది. నా సీటు ఆరిపోలేదు. ముద్ర కొట్టిన కాగితంలో తేదీ రాసే చోటు ఖాళీగా ఉంది.

"ఎంత వేశారండీ?" అన్నాను.

"వ్రాసినచో అది కొసరు కాదని మీరే కదా చెప్పినది" అన్నారు ఆయన, వకీలు బొమ్మ చేతిలోని బీన్స్ సంచి అందుకుని చంకన పెట్టుకుంటూ.

తొడుగులు తీసి సూరమ్మ వదినకి ఫోను చేశాను. బండి మీది కాగితం చింపెయ్యమన్నాను. అప్పుడే చింపేసి అందులో పళ్ళు చుట్టిచ్చేసిందట.

"మరి నీ సీటో?" అంది.

"కొసరు మీద నడుస్తోంది వదినా."

"ఎంతేశాడేటి?" అంది.

"తెలీదు వదినా. రేపు తొడుగులేసుకుని చూడాలి" అన్నాను.